ఉలిపికట్టె భాషలో ఒక వెబ్ యాప్

మొన్న రాత్రి పన్నెండు దాటాక జరిగిన ముచ్చట ముందు చెప్తా, మిగతా గోల తర్వాత.

నాకో చిన్న వెబ్ యాప్ ఉంది. నా పుస్తకాలు ఎవరు పట్టుకెళ్ళారు, ఎప్పుడు పట్టుకెళ్ళారు, అసలు తిరిగిచ్చారా లేదా అని రాసుకోడానికి నాకోసం నేను కట్టుకున్నది, వాడేది నేనూ ఇంకో ముగ్గురు ఫ్రెండ్సూ అంతే. అందులో "ఆలస్యం" అని కొత్త పేజీ ఒకటి పెడదామని కూర్చున్నా. లింక్ నొక్కా. బ్రౌజర్‌లో చక్రం తిరుగుతా ఉంది, పేజీ రాదు, పోనీ ఎర్రరన్నా వస్తుందా అంటే అదీ రాదు. పక్కన నేను కోడ్ రాసుకునే ఈమాక్స్ అనే ఎడిటర్లో మాత్రం టక్కున ఒక కొత్త బఫర్ (కిటికీ లాంటిది) తెరుచుకుంది. "రోజులు-లెక్కించు" అనే ఫంక్షన్ లేదు, ఏం చేయమంటావ్ అని. కింద నంబర్లేసి ఆప్షన్లు: మళ్ళీ పిలిచి చూడనా, దాని బదులు వేరే ఫంక్షన్ పిలవనా, ఫంక్షన్ సంగతి పక్కనపెట్టి విలువేదో నువ్వే ఇచ్చేస్తావా, లేకపోతే ఈ రిక్వెస్ట్‌నే వదిలేయనా. నిజమే, ఆ ఫంక్షన్ తర్వాత రాద్దాం అనుకుని మర్చిపోయా. అప్పటికప్పుడు నాలుగు లైన్లు రాసి, కంట్రోల్ సీ రెండుసార్లు కొట్టి కంపైల్ చేసి (యంత్రం నడపగలిగే రూపంలోకి మార్చి), ఆప్షన్లలో సున్నా నొక్కా. ఇందాకట్నుంచీ తిరుగుతున్న అదే చక్రం ఆగి పేజీ వచ్చేసింది! రీలోడ్ కొట్టలేదు, సర్వర్ ఆపలేదు, ఆ రిక్వెస్ట్ ఎక్కడ కూలబడిందో అక్కణ్ణుంచే లేచి నడిచింది.

ఇది కామన్ లిస్ప్. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఇంకో దారి అంటారే, ఆ ఉలిపికట్టె. ఎక్కడ చూసినా బ్రాకెట్లే ఉంటాయని జనం నవ్వుకునే భాష. రెండు సంఖ్యలు కూడాలంటే కూడా (+ 1 2) అని రాయాలి, ప్లస్ ముందు, అంకెలు వెనక. మొదటి వారం చిరాకేస్తుంది, రెండో వారం అలవాటైపోతుంది, నెల తర్వాత మామూలు భాషల్లో ఏ ఆపరేటర్ ముందు లెక్కేస్తారో గుర్తుపెట్టుకోడం ఎందుకొచ్చిన తంటా అనిపిస్తుంది. బ్రాకెట్ల గురించి ఇంతకన్నా చెప్పను, దాని మీద ఇప్పటికే లోకంలో సరిపడా జోకులున్నాయి.

లిస్ప్ పుట్టింది 1958లో, జాన్ మెకార్తీ ఎంఐటీలో ఉన్నప్పుడు. తర్వాత అది చీలికలు పేలికలై, ఎవరి లిస్ప్ వాళ్ళు చేసుకుంటుంటే అందర్నీ ఒక్క తాటి మీదకి తెద్దామని చేసింది కామన్ లిస్ప్, దానికి ఆన్సీ (అమెరికా ప్రమాణాల సంస్థ) ప్రమాణం వచ్చింది 1994లో. ఆ ప్రమాణం ఆ తర్వాత మారలేదు. అంటే భాష అక్కడే ఆగిపోయిందనుకోవచ్చు, నేనూ అలాగే అనుకున్నా, కానీ వాడేకొద్దీ దానివల్ల లాభం తెలిసొచ్చింది. ఏదో లైబ్రరీ కావాలని వెతుకుతాం, చివరి మార్పు ఎనిమిదేళ్ళ కింద అని ఉంటుంది, జావాస్క్రిప్ట్ ప్రపంచంలో అయితే అది చచ్చిన శవం కింద లెక్క, ఇక్కడ మాత్రం లోడ్ చేస్తే చాలాసార్లు శుభ్రంగా పనిచేస్తుంది, ఎందుకంటే కింద నేల కదల్లేదు కాబట్టి. అలాగని అన్నీ పనిచేస్తాయని కాదు, సగం రాసి వదిలేసినవీ బోలెడు. రెండిటికీ తేడా తెలుసుకోడానికి మాత్రం కోడ్ తెరిచి చదవడమే దారి, గిట్‌హబ్‌లో దానికెన్ని స్టార్లున్నాయో లెక్కపెడితే తెలీదు.

నేను వాడే కంపైలర్ ఎస్‌బీసీఎల్. దీని పూర్తి పేరు స్టీల్ బ్యాంక్ కామన్ లిస్ప్. స్టీలేంటి బ్యాంకేంటి అని నేనూ బుర్ర గోక్కున్నా. ఇది 1999 డిసెంబర్‌లో సీఎంయూసీఎల్ అనే దాన్నుంచి విడిపోయి పుట్టింది, సీఎంయూ అంటే కార్నెగీ మెలన్ యూనివర్సిటీ, కార్నెగీ డబ్బు సంపాదించింది స్టీల్లో, మెలన్ సంపాదించింది బ్యాంకుల్లో. అదీ జోకు. ఇప్పటికీ దాదాపు నెలకో రిలీజ్ వస్తుంది. స్క్రిప్టింగ్ భాషలా అనిపిస్తుంది గానీ ఇది నేరుగా మెషిన్ కోడ్‌కి కంపైల్ చేస్తుంది, పైగా ఫంక్షన్ కంపైల్ చేసేటప్పుడే "ఇక్కడ నువ్వు స్ట్రింగ్‌కి అంకె కలుపుతున్నావ్, ఇది కుదరదు" లాంటివి పట్టేస్తుంది. టైపులు నేను రాయకపోయినా తనే ఊహించి. అన్నీ పట్టదు, పట్టినంత మాత్రం ఉచితమే కదా.

సరే, పనిముట్ల దగ్గరికొద్దాం. ఎవరన్నా లిస్ప్ నేర్చుకుంటా అంటే అందరూ ఇచ్చే సలహా ఈమాక్స్ పెట్టుకో, అందులో స్లైమ్ (ఈమాక్స్‌ని లిస్ప్‌తో కలిపేది) పెట్టుకో అని. సలహా మంచిదే, కానీ కొత్తవాళ్ళని తరిమేసేది కూడా అదే అని నా నమ్మకం. తెలియని భాష ఒకటి, కాపీ పేస్ట్‌కి కూడా వేరే కీలు అడిగే ఎడిటర్ ఒకటి, రెండూ ఒకేసారి నెత్తికెత్తుకుంటే ఏది అర్థం కాక ఆగిపోయామో కూడా తెలీదు. నేను మొదటి మూడు వారాలు మామూలు ఎడిటర్లో రాసి, టెర్మినల్లో ఎస్‌బీసీఎల్ తెరిచి ఫైల్ లోడ్ చేసుకుంటూ గడిపా. అందులో పైకి బాణం నొక్కితే పాత లైన్ కూడా రాదు, దానికి ముందు ఆర్‌ఎల్‌ర్యాప్ అనే చిన్న పనిముట్టు తగిలించుకోవాలి. నాటుగా ఉంటుంది, అయినా భాష వంటబట్టింది. ఆ తర్వాత ఈమాక్స్‌కి వెళ్తే అప్పుడు తెలిసింది జనం ఎందుకంత గొంతు చించుకుంటారో. ఈమాక్స్ వద్దంటే విమ్‌లో స్లిమ్వ్, వ్లైమ్ ఉన్నాయి, వీఎస్ కోడ్‌కి అలైవ్ ఉంది, లెమ్ అని లిస్ప్‌లోనే రాసిన ఎడిటర్ ఉంది. డబ్బులు పెట్టగలిగితే లిస్ప్‌వర్క్స్, అల్లెగ్రో లాంటివి కంపెనీలు అమ్మే సరుకు. నేను వాడనివాటి మీద తీర్పులు చెప్పను.

స్లైమ్ అసలు కిటుకు ఏంటంటే అది రెండు ముక్కలు. ఒకటి ఈమాక్స్ లోపల ఉంటుంది, స్వాంక్ అనే రెండోది మన లిస్ప్ ప్రోగ్రాం లోపల కూర్చుంటుంది. రెండూ సాకెట్ మీద మాట్లాడుకుంటాయి, పోర్ట్ మామూలుగా 4005. అంటే ఎడిటర్ చూసేది ఫైళ్ళని కాదు, నడుస్తున్న ప్రోగ్రాంని. ఒక ఫంక్షన్ పేరు మీద కర్సర్ పెట్టి "దీన్ని ఎవరెవరు పిలుస్తున్నారు" అంటే ఆ ప్రోగ్రాంనే అడిగి చెప్తుంది. మెటా డాట్ (ఆల్ట్ కీ నొక్కి ఫుల్‌స్టాప్) కొడితే దాని సోర్స్‌కి పోతుంది, అది మన కోడ్ అయినా లైబ్రరీ కోడ్ అయినా, సోర్స్ దగ్గరుంటే ఎస్‌బీసీఎల్ సొంత లోపలి కోడ్ అయినా సరే. ఒక ఆబ్జెక్ట్‌ని ఇన్‌స్పెక్టర్‌లో తెరిచి లోపల విలువ అక్కడే మార్చేయొచ్చు. ఇదే స్లైమ్ నుంచి విడిపోయిన స్లై అని ఇంకోటుంది, కొన్ని సదుపాయాలు ఎక్కువ, నేను దానికి మారి మళ్ళీ వెనక్కొచ్చేశా, పెద్ద కారణం ఏం లేదు, వేళ్ళకి అలవాటు.

ఇంకోటి, పైన చెప్పిన రాత్రి అద్భుతం ఊరికే జరగలేదు. నేను వాడే వెబ్ సర్వర్ హంచెన్‌టూట్, దాని అలవాటు ఏంటంటే ఎర్రర్ వస్తే తనే పట్టేసుకుని 500 పేజీ చూపించేయడం. బయట జనానికి పెట్టినప్పుడు అదే కరెక్ట్. ఇంట్లో రాసుకునేటప్పుడు మాత్రం ఆ పట్టుకోవడం ఆపేయాలి, దానికో వేరియబుల్ ఉంది, దాన్ని నిల్ (అంటే వద్దు) చేస్తే డీబగ్గర్, అదే ఆ ఆప్షన్ల బఫర్, మన దాకా వస్తుంది. ఈ ఒక్క ముక్క తెలీక నేను నెల రోజులు లాగ్‌లో ప్రింట్లు పెట్టుకుంటూ బతికా. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

లైబ్రరీల సంగతి. ఇక్కడ మొదటి దెబ్బ మాటల దగ్గరే తగుల్తుంది. వేరే భాషల్లో ప్యాకేజ్ అంటే డౌన్‌లోడ్ చేసుకునే మూట. లిస్ప్‌లో ప్యాకేజ్ అంటే పేర్లు దాచుకునే అర, నేమ్‌స్పేస్ అన్నమాట. మూటని సిస్టమ్ అంటారు. ఇది తెలీక "ఈ ప్యాకేజ్ లేదు" అని ఎర్రర్ వస్తే దాన్ని డౌన్‌లోడ్ చేయడానికి రెండు రోజులు తిప్పలు పడ్డా, అది డౌన్‌లోడ్ అయ్యే ఉంది, నా ఫైల్లో ఆ అర కట్టుకోలేదు, అంతే. సిస్టమ్‌లో ఏ ఫైల్ ముందు ఏది తర్వాత అని చూసుకునేది ఏఎస్‌డీఎఫ్. వాటిని నెట్ నుంచి తెచ్చిపెట్టేది క్విక్‌లిస్ప్, 2010 నుంచీ ఉంది. క్విక్‌లిస్ప్ పద్ధతి నాకు భలే నచ్చింది. ఒక్కో లైబ్రరీకి ఒక్కో వెర్షన్ అని కాకుండా, అన్నిటినీ కలిపి ఒక మూటగా బిల్డ్ అవుతున్నాయో లేదో చూసి విడుదల చేస్తారు, మనం ఫలానా నెల మూట వాడుతున్నాం అంతే. వెర్షన్ల కుమ్ములాట దాదాపు ఉండదు. ఇబ్బందేంటంటే ఒక్క లైబ్రరీకి మాత్రం కొత్తది కావాలంటే ఆ మూటతో కుదరదు, దానికి క్యూలాట్ లాంటిది వాడుకోవాలి, లేదంటే అల్ట్రాలిస్ప్ నుంచి తెచ్చుకోవాలి, అది ఐదు నిమిషాలకోసారి కొత్త మూట కడుతుంది. ఇంకో అసంతృప్తి, క్విక్‌లిస్ప్ క్లయింట్ మామూలు హెచ్‌టీటీపీ మీదే దింపుతుంది, ఈ రోజుల్లో అదేం పద్ధతో నాకు మింగుడుపడదు.

వెబ్ వైపు రెండు దార్లున్నాయి. హంచెన్‌టూట్ ఒకటి, ఎడీ వైట్స్ రాసింది, పాతది, గట్టిది, కనెక్షన్‌కో థ్రెడ్ (ప్రోగ్రాం లోపల విడిగా నడిచే పాయ) పెట్టి నడిపిస్తుంది. రెండోది క్లాక్, అది సర్వర్ కాదు, పైథాన్‌లో విస్గీ రూబీలో ర్యాక్ లాంటి మధ్యవర్తి, కింద హంచెన్‌టూటైనా పెట్టుకోవచ్చు, వూ అనే వేగంగా నడిచేదైనా పెట్టుకోవచ్చు. నలుగురు వాడే యాప్‌కి వేగం గురించి ఆలోచించడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం కాబట్టి నేను హంచెన్‌టూట్‌తో సరిపెట్టుకున్నా.

హెచ్‌టీఎంఎల్ రాయడం మాత్రం ఈ భాషలో ఒక ముచ్చట. లిస్ప్ కోడే ఒక చెట్టు, హెచ్‌టీఎంఎల్ కూడా చెట్టే, కాబట్టి టెంప్లేట్ అని వేరే భాష నేర్చుకోనక్కర్లేదు, డివ్ లోపల లూప్ పెట్టాలంటే లూప్ పెట్టేయడమే. కంపైల్ అయ్యేటప్పుడే మ్యాక్రో (కోడ్‌ని రాసిపెట్టే కోడ్) దాన్నంతా విప్పేసి మారని ముక్కలన్నీ కలిపి ఒక్క స్ట్రింగ్‌గా రాసేస్తుంది. నేను మొదట సీఎల్-హూ వాడా. అందులో యూజర్ టైప్ చేసింది ఎస్కేప్ చేయడం (అది కోడ్‌లా నడవకుండా ఉత్త అక్షరాలుగా మార్చడం) మన బాధ్యత, ప్రతిచోటా గుర్తుపెట్టుకుని చేయాలి, నేను ఒకచోట మర్చిపోయా, ఫ్రెండ్ ఒకడు పుస్తకం పేరు దగ్గర స్క్రిప్ట్ ట్యాగ్ రాసి సేవ్ చేశాడు. పేజీ తెరిస్తే "ఒరేయ్ నీ యాప్ నా చేతిలో ఉంది" అని డబ్బా వచ్చింది. వాడు నవ్వి నవ్వి చచ్చాడు. ఆ సాయంత్రమే స్పిన్నరెట్‌కి మారిపోయా, అది తనంతట తనే ఎస్కేప్ చేస్తుంది. జావాస్క్రిప్ట్ కూడా లిస్ప్‌లోనే రాసుకునే పేరెన్‌స్క్రిప్ట్ ఉంది, సరదాగా ఉంటుంది గానీ బ్రౌజర్‌లో ఎర్రర్ వచ్చినప్పుడు నేను రాయని కోడ్‌ని నేను చదవాల్సొస్తుంది, అందుకని వదిలేసి, జావాస్క్రిప్ట్ పెద్దగా రాయనక్కర్లేని హెచ్‌టీఎంఎక్స్ అనే లైబ్రరీ పెట్టుకున్నా.

ఇప్పుడు అసలు విషయం. ఈ బతికున్న ప్రోగ్రాం ఎంత ఇష్టంగా ఉంటుందో అంత మోసం చేస్తుంది. దీన్ని ఇమేజ్ అంటారు, మెమరీలో ఉన్న ఫంక్షన్లు, విలువలు, అన్నీ కలిపి. నేను పదకొండు రోజులు ఒకే ఇమేజ్‌ని ఆపకుండా నడిపా. ల్యాప్‌టాప్ మూస్తా, తెరుస్తా, అది అలాగే ఉంటుంది. ఆ పదకొండు రోజుల్లో ఒక ఫంక్షన్ పేరు మార్చా, ఫైల్లో పాత పేరు పోయింది, కానీ ఇమేజ్‌లో పాత ఫంక్షన్ చావలేదు, దానికి ఎవరూ చావమని చెప్పలేదు కదా. ఇంకో ఫైల్లో ఇంకా పాత పేరుతోనే పిలుస్తున్నా, అది హాయిగా పనిచేస్తోంది. ఒక పేజీ తీసేశా, ఫైల్లోంచి, కానీ హంచెన్‌టూట్ లిస్ట్‌లో దాని అడ్రస్ ఇంకా ఉంది, కొడితే తెరుచుకుంటుంది. పన్నెండో రోజు సర్వర్‌లో పెట్టా. సగం పేజీలు పడిపోయాయి. నా దగ్గర అన్నీ బాగున్నాయి, అక్కడ లేవు, ఒకే కోడ్. గంటన్నర తర్వాత అనుమానమొచ్చి నా దగ్గర కూడా ఇమేజ్ చంపేసి మొదట్నుంచి లోడ్ చేస్తే ఇక్కడా అంతే, వరసగా వార్నింగులు, "ఈ ఫంక్షన్ లేదు, ఆ ఫంక్షన్ లేదు". అంటే ఇన్నాళ్ళూ నేను చూస్తున్న ప్రోగ్రాం వేరు, నా ఫైళ్ళలో ఉన్న ప్రోగ్రాం వేరు.

దీనికి తమ్ముడిలాంటిది ఇంకోటి. ఎన్ని రోజులు దాటితే "ఆలస్యం" అనాలి అని ఒక గ్లోబల్ వేరియబుల్ పెట్టుకున్నా, 30 అని. డెఫ్‌వార్ తో. తర్వాత మరీ కఠినంగా ఉందని 45 చేసి కంపైల్ కొట్టా. మారలేదు. మళ్ళీ కొట్టా. మారలేదు. బ్రౌజర్ క్యాష్ తీసేశా, ఫైల్ సేవ్ అయిందా అని చూశా, ఇంకో బ్రౌజర్‌లో తెరిచా, సర్వర్ సరైనదేనా అని పోర్ట్ చూశా. గంట పోయింది. డెఫ్‌వార్ అర్థమే అది, వేరియబుల్‌కి ఇప్పటికే విలువ ఉంటే ముట్టుకోదు. ముట్టుకోవాలంటే డెఫ్‌పారామీటర్. ఎందుకలా అంటే, నడుస్తున్న సర్వర్‌లో ఫైల్ మళ్ళీ లోడ్ చేసినప్పుడు లాగిన్ అయినవాళ్ళ సెషన్ల పట్టికలాంటివి ఖాళీ అయిపోకూడదు కదా, అందుకు. చక్కటి కారణమే. తప్పు నాది, లిస్ప్ నేర్పే పుస్తకాల్లో ఉంటుంది ఇది.

అప్పట్నుంచీ నాకో అలవాటు, రోజు పని ఆపేముందు ఇమేజ్ చంపి, ఖాళీ ఎస్‌బీసీఎల్‌లో మొత్తం లోడ్ చేసి, ఒక్క వార్నింగ్ కూడా లేకపోతేనే కమిట్. రెండు నిమిషాలు కూడా పట్టదు.

డేటాబేస్ దగ్గర ఇంకో పాఠం, ఇది కొంచెం లోతైనది, ఓపికుంటే చదవండి. లిస్ప్‌లో స్పెషల్ వేరియబుల్స్ అని ఉంటాయి, రెండు వైపులా నక్షత్రం (*) గుర్తులు పెట్టి రాస్తారు, చెవులు పెట్టినట్టుంటాయి. లెట్ తో దానికి కొత్త విలువ కడితే, ఆ లెట్ లోపల పిలిచిన ఫంక్షన్లన్నిటికీ ఆ కొత్త విలువే కనిపిస్తుంది, బయటికొచ్చాక పాతది. భలే సౌకర్యం. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కి వాడే పోస్ట్‌మోడర్న్ లైబ్రరీ ఇప్పుడు ఏ కనెక్షన్ మీద ఉన్నామో ఇలాంటి వేరియబుల్లోనే పెట్టుకుంటుంది. నేను తెలివిగా ఏం చేశానంటే, కనెక్షన్ తెరిచి దాని లోపల సర్వర్ స్టార్ట్ చేశా, ఇంక అన్ని పేజీలకీ కనెక్షన్ దొరుకుతుందని. పేజీ తెరిస్తే కనెక్షన్ లేదంటుంది. ఎందుకంటే ఆ కట్టిన విలువ ఆ థ్రెడ్‌కి మాత్రమే, హంచెన్‌టూట్ ప్రతి కనెక్షన్‌కీ కొత్త థ్రెడ్ పుట్టిస్తుంది, కొత్త థ్రెడ్‌కి కనిపించేది గ్లోబల్ విలువే. సరే అని గ్లోబల్‌గానే ఒక కనెక్షన్ పెట్టా, పనిచేసింది, సంబరపడ్డా. రెండు ట్యాబులు ఒకేసారి తెరిచేదాకా. ఈ కనెక్షన్ ఇంకో క్వెరీ పనిలో ఉంది అని ఎర్రర్. రెండు థ్రెడ్లు ఒకే తీగ పట్టుకుని లాగుతున్నాయి మరి. ఆఖరికి చేయాల్సింది ఏంటంటే కనెక్షన్ తెరవడం ప్రతి రిక్వెస్ట్ లోపలే, తెరిచినవాటిని దాచి మళ్ళీ వాడుకునే పూల్ పెట్టమని చెప్పి. ఒక్క మ్యాక్రో రాసుకుంటే అన్ని పేజీలకీ సరిపోయింది. డాక్యుమెంటేషన్‌లో ఉంది ఇది. నేను చదివిన క్రమంలో లేదు, అంతే.

తెలుగు గురించి చెప్పకపోతే ఎలా. ఎస్‌బీసీఎల్‌లో అక్షరం అంటే యూనికోడ్ కోడ్‌పాయింట్ (ఒక్కో గుర్తుకీ ఇచ్చిన నంబర్), ఫంక్షన్ల పేర్లు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు, (కూడు 3 4) అంటే చక్కగా 7 ఇస్తుంది. కానీ "తెలుగు" అనే మాట పొడవెంత అంటే 6 అంటుంది. మన కంటికి మూడక్షరాలు, దానికి త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. కంటికి కనపడే లెక్క కావాలంటే ఎస్‌బీ-యూనికోడ్‌లో గ్రాఫీమ్స్ అని ఫంక్షన్ ఉంది, అది మూడు ముక్కలుగా కోసిస్తుంది. ఇక యూటీఎఫ్-8లో రాస్తే అదే మాట 18 బైట్లు, తెలుగు కోడ్‌పాయింట్ ఒక్కోటీ మూడు బైట్లు కాబట్టి. 3, 6, 18. ఈ మూడు లెక్కలూ కలిపేసుకుంటే ఏమవుద్దో నేను అనుభవించా. పుస్తకాల లిస్ట్ సీఎస్‌వీగా దింపుకోడానికి ఒక లింక్ పెట్టి, సైజు హెడర్ నేనే చేత్తో పెట్టి, స్ట్రీమ్‌లోకి నేనే రాసేశా, సైజు దగ్గర స్ట్రింగ్ పొడవు ఇచ్చా. ఇంగ్లీష్ పుస్తకాల లిస్ట్ దివ్యంగా దిగేది, తెలుగు లిస్ట్ మధ్యలో తెగిపోయేది. బ్రౌజర్ తప్పేముంది, 6 అని చెప్తే 6 బైట్లే తీసుకుంటుంది, మిగతా 12 దానికి అనవసరం. బైట్లుగా మార్చి వాటిని లెక్కపెట్టాక సరిపోయింది, అసలు స్ట్రింగ్ తిరిగిచ్చేసి ఊరుకుంటే హంచెన్‌టూటే లెక్క చూసుకునేది, నాదే అతి. సర్వర్‌లో అయితే ఇంకో తమాషా, అక్కడున్న ఎస్‌బీసీఎల్ పాతది, లాంగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ సెట్ చేయకపోతే లాటిన్-1 (తెలుగు పట్టని పాత అక్షరాల పద్ధతి) అనుకునే రకం. టెర్మినల్లో నడిపితే తెలుగు వచ్చేది, సర్వర్‌లో ప్రోగ్రాంలని తనే లేపి నడిపే సిస్టమ్‌డీ నడిపితే ప్రశ్నార్థకాలు వచ్చేవి. కొత్త వెర్షన్లు యూటీఎఫ్-8నే అనుకుంటాయి, హాయి.

సర్వర్‌కి ఎక్కించడం కూడా రెండు ముక్కల్లో చెప్పేస్తా. ఎస్‌బీసీఎల్‌లో ఒక ఫంక్షన్ ఉంది, దాని పేరు సేవ్-లిస్ప్-అండ్-డై. అక్షరాలా అదే చేస్తుంది, ఇమేజ్ మొత్తాన్ని డిస్క్ మీద ఒక ఫైల్‌గా రాసేసి తను చచ్చిపోతుంది. ఎక్జిక్యూటబుల్‌గా రాయమంటే ఆ ఒక్క ఫైల్ సర్వర్‌లో పెట్టి నడిపేయొచ్చు, లోపల కంపైలర్‌తో సహా అన్నీ ఉంటాయి, అందుకే నాది 60 ఎంబీ దాటింది. మొదటిసారి చేసినప్పుడు థ్రెడ్లు నడుస్తుండగా సేవ్ చేయను పొమ్మంది, స్లైమ్ లోపల్నుంచి చేయబోయా కదా, స్వాంక్ థ్రెడ్లన్నీ అక్కడే ఉన్నాయి. టెర్మినల్లో చేస్తే సేవ్ అయ్యింది, సర్వర్లో నడిపితే సెకన్లో ఆగిపోయింది, ఎర్రర్ లేదు, లాగ్ లేదు. దీనికి మాత్రం నవ్వొచ్చింది. నా మెయిన్ ఫంక్షన్ వెబ్ సర్వర్ స్టార్ట్ చేస్తుంది, సర్వర్ వేరే థ్రెడ్‌లో లేస్తుంది, మెయిన్ తన పని అయిపోయిందని ఇంటికెళ్ళిపోతుంది, మెయిన్ పోతే ప్రాసెస్సే పోతుంది. మెయిన్‌ని ఒక లూప్‌లో పడుకోబెట్టా. అదే పరిష్కారం, నిజంగా, నిద్రపో అని చెప్పడం. ఇంకా లోపలున్న సీ లైబ్రరీ వెర్షన్ తేడాతో ఒకరోజు పోయింది, ఇప్పుడు సర్వర్‌లో ఉన్న ఓఎస్‌నే డాకర్‌లో (నా మెషిన్‌లోనే విడిగా ఒక డబ్బాలో) పెట్టి అందులోనే బిల్డ్ చేస్తున్నా.

ఇందులో ఇంకో అందం, సర్వర్‌లో నడుస్తున్న ప్రోగ్రాంలో కూడా స్వాంక్ పెట్టుకోవచ్చు. ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ (బయటివాళ్ళకి కనపడని రహస్య దారి) వేసి ఇంటి నుంచి ఈమాక్స్‌ని దానికి తగిలిస్తే, అక్కడి ఫంక్షన్ ఇక్కణ్ణుంచి మార్చేయొచ్చు. ఒకటే జాగ్రత్త, 4005 పోర్ట్‌ని లోకల్‌హోస్ట్ దాటనివ్వకూడదు, దానికి తాళం లేదు, ఎవడొచ్చి ఏం రాసినా నడిపేస్తుంది. ఇలా దూరం నుంచి సరిచేయడంలో మనకన్నా పెద్దోళ్ళున్నారు లెండి. నాసా డీప్ స్పేస్ 1 అని 1998లో పంపిన నౌకలో రిమోట్ ఏజెంట్ అనే సాఫ్ట్‌వేర్ లిస్ప్‌లో రాసింది. 1999 మేలో దాన్ని నడిపి చూస్తుంటే, నేల మీద టెస్టుల్లో ఎప్పుడూ కనపడని ఒక థ్రెడ్ల తగువుతో మధ్యలో ఆగిపోయింది. కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న ప్రోగ్రాం ఏ స్థితిలో ఉందో ఇక్కణ్ణుంచి చూసి కారణం పట్టుకున్నారు. నా రెండు ట్యాబుల తగువు కూడా అదే జాతి, అని చెప్పుకుని నన్ను నేను ఓదార్చుకుంటా.

"ఇంత చిన్న యాప్‌కి పైథాన్ చాలదంట్రా నీకు" అని ఆ స్క్రిప్ట్ ట్యాగ్ ఫ్రెండే అడిగాడు. చాలు. నిజం చెప్పాలంటే పైథాన్‌లో రెండు వారాంతాల్లో అయిపోయేది, నాకు ఇది నాలుగు నెలలు పట్టింది. రెడిట్ కూడా 2005లో కామన్ లిస్ప్‌తోనే మొదలై, అదే ఏడాది చివర్లో పైథాన్‌కి మారిపోయింది, లైబ్రరీల కొరత వాళ్ళు చెప్పిన కారణాల్లో ఒకటి. మరోపక్క అంతకు పదేళ్ళ ముందు పాల్ గ్రేయం వాళ్ళు వయావెబ్ అనే ఆన్‌లైన్ దుకాణాల సాఫ్ట్‌వేర్ లిస్ప్‌లో రాసి 1998లో యాహూకి అమ్మారు. రెండు కథలూ చెప్పి ఎవరికి కావాల్సింది వాళ్ళు నమ్ముతారు, నేను రెండూ నమ్ముతా. లైబ్రరీల కన్నా నాకు ఎక్కువ కష్టమనిపించింది దారి చూపేవాళ్ళు లేకపోవడం. ఎర్రర్ మెసేజ్ కాపీ చేసి వెతికితే రెండే రెండు ఫలితాలొస్తాయి, అందులో ఒకటి 2009 నాటి మెయిల్, దానికి జవాబు లేదు. ఏఐని అడిగితే లేని ఫంక్షన్‌కి చక్కటి పేరు పెట్టి ధైర్యంగా ఇస్తుంది, పేరు ఎంత బాగుంటుందంటే అది ఉండి ఉంటే బాగుణ్ణు అనిపిస్తుంది. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టేవాళ్ళు లేరు కాబట్టి మెటా డాట్ కొట్టి లైబ్రరీ సోర్స్ చదవడం అలవాటైంది. హంచెన్‌టూట్ సోర్స్ నేను దాదాపు మొత్తం చదివా, వేరే భాషల్లో ఏళ్ళ తరబడి వాడిన ఏ ఫ్రేమ్‌వర్క్‌నీ అలా చదవలేదు. భాషని అడిగే ప్రశ్నలకైతే హైపర్‌స్పెక్ ఉంది, ప్రమాణం మొత్తం లింకులతో, చట్టం పుస్తకంలా ఉంటుంది గానీ అబద్ధం చెప్పదు.

అన్నట్టు ఆ "ఆలస్యం" పేజీ. ఇదంతా రాస్తూ మధ్యలో అలవాటు ప్రకారం ఇమేజ్ చంపి మళ్ళీ లోడ్ చేశా. ఒక వార్నింగ్ వచ్చింది, "రోజులు-లెక్కించు" అనే ఫంక్షన్ లేదని. ఆ రాత్రి మురిసిపోతూ రాసిన నాలుగు లైన్లూ తాత్కాలిక బఫర్‌లో రాశానంట, ఫైల్లో లేవు. ఇమేజ్‌తో పాటే పోయాయి. మళ్ళీ రాసొస్తా.